పాతకాపు ప్రింటు లైను

పంతొమ్మిదేళ్ళు ఒకే పని చేసినవాణ్ణి కూర్చోబెట్టి, మళ్ళీ మొదటి నుంచి అక్షరాలు దిద్దుకో అంటే ఎలా ఉంటుందో అన్నవాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళకి అనడానికి అరగంట పట్టింది, అంతే. మూడో అంతస్తులో పెద్ద గది, గోడకి తెర, చేతిలో మైకుతో మేనేజరు. "మీ విభాగం మూసేస్తున్నాం" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే కాస్త మర్యాదగా ఉండేది. అలా చెప్పలేదు. "కొత్త అవకాశాల వైపు మనందరి ప్రయాణం" అన్నాడు. కొంప మునిగిందని వెనక వరసలో కూర్చున్న పాతకాపుకి అప్పుడే అర్థమైంది.

పాతకాపు అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. దుకాణాల్లో బిల్లులు కొట్టే తెరలుంటాయే, వాటి వెనకాల నడిచే ప్రోగ్రాములు రాయడం అతని పని. ఏది మొరాయించినా ముందు అతని కుర్చీ దగ్గరికే పరిగెత్తేవారు. అతను కాఫీ కప్పుతో తాపీగా వచ్చి, మెడ గోక్కుని, "ఎక్కడో చిన్నదే ఉంటుందిలే" అనేవాడు. ఉండేది కూడా. పది నిమిషాల్లో పట్టుకునేవాడు. "నేను రాసింది పడిపోదు" అన్న మాట నోటితో ఎప్పుడూ అనలేదు గానీ, నడకలో తెలిసిపోయేది.

ఆ నడకకి అసలు కారణం వేరే ఉంది. అతను పంతొమ్మిదేళ్ళు రాసిన భాష చాలా గారాబం చేసే భాష. తిని లేచిపోతే ఎంగిలి కంచం తనే తీసి, కడిగి, బోర్లించేది. మెమరీ ఎంత వాడావు, తిరిగి ఇచ్చావా లేదా అని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు నేర్చుకోమన్నది యంత్రానికి ఆనుకుని రాసే ప్రోగ్రామింగు. అక్కడ ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. కడగకపోతే కొన్నాళ్ళకి ఇల్లంతా కంచాలే, కాలు పెట్టడానికి చోటుండదు. కడిగి లోపల పెట్టేసిన కంచంలోంచి ముద్ద తీసుకోబోయావా, ఇక అంతే సంగతులు.

కింది అంతస్తులో యంత్రాల విభాగం ఉంది. సరుకు చెడిపోకుండా దాచే చల్లటి గదులకి కంట్రోలు పెట్టెలు తయారు చేస్తారు. అక్కడ నాలుగు సీట్లున్నాయి. పన్నెండు వారాలు పాఠాలు, తర్వాత పరీక్ష. పరీక్ష అంటే కాగితం కాదు. నువ్వు రాసిన ప్రోగ్రాంని అరచేతిలో పట్టేంత బోర్డులోకి ఎక్కించి, నీ పేరు చీటీ అంటించి, గోడ అలమరలో పెడతారు. ప్రోగ్రాం బతికున్నంతసేపూ ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. ఏడు రోజులు ఆరకూడదు. ఆరితే ఒక్కసారి సరిదిద్ది మళ్ళీ ఎక్కించుకోవచ్చు, రెండోసారి ఆరితే ఇంటికే. నాలుగు కంటే ఎక్కువ లైట్లు మిగిలితే మాత్రం అందరి కోడూ తెరిచి, లైను లైనూ చదివి, ఎవరిది బాగుంటే వాళ్ళని తీసుకుంటారు. నేర్చుకోవడానికి కూర్చున్నది పదకొండు మంది.

పాఠాలు చెప్పడానికి వచ్చినావిణ్ణి చూసి పాతకాపుకి తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళ కిందట కాలేజీ నుంచి నేరుగా వచ్చి, అతని పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్న పిల్ల! మొదటి నెలలో కోడు తుడిచేసుకుని బాత్రూంలోకెళ్ళి ఏడిస్తే, "ఏడవకమ్మా, పాత కాపీ ఎక్కడో ఉంటుంది" అని వెతికిపెట్టింది అతనే. ఇప్పుడావిడ యంత్రాల విభాగానికి పెద్ద. పదకొండు మందీ మూడో రోజుకల్లా ఆవిడకి పంతులమ్మ అని పేరు పెట్టేశారు. అందరి ముందూ ఆవిడ అతన్ని "సార్" అనే పిలిచేది. ఆ పిలుపు ఆవిడ గౌరవంగానే పిలిచింది, అతనికే గుచ్చుకునేది.

పదకొండు మందిలో నిదానం కూడా ఉన్నాడు. ఇదీ ఆఫీసు పెట్టిన పేరే. చదవడం నిదానం, రాయడం నిదానం, నవ్వడం కూడా ఎదుటివాళ్ళు నవ్వడం మానేశాక మొదలుపెట్టేవాడు. పాతకాపుకీ అతనికీ పద్నాలుగేళ్ళుగా పక్కపక్క కుర్చీలు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు, మధ్యాహ్నం డబ్బాలు పంచుకోవడంలో కుదిరిన వరస అది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా దాన్ని అలాగే కానిచ్చేశారు.

ఆరో వారం దగ్గర నిదానం బాగా చతికిలపడ్డాడు. బోర్డులో రెండు పనులు ఒకేసారి నడవాలి. ఒకటి గది ఎంత చల్లగా ఉందో కొలిచి, ఆ లెక్క తెచ్చి వరసలో పెడుతుంది. రెండోది వరసలోంచి ఒక్కొక్కటీ తీసుకుని బయటికి పంపుతుంది. ఆ వరసని క్యూ అంటారు. నిదానం నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి, క్యాంటీన్లో చపాతీ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"నా వల్ల కావట్లేదు బావా. మనకిది రాదేమో."

"రాకపోవడమేంటి? ఇలాంటి క్యూలు ఎన్ని వాడాం మనం! నేను రాసిపెట్టానుగా, అది తీసుకుని అతికించేసుకో. మిగతాది నువ్వు చూసుకో."

"నీ దానికేం ఇబ్బంది లేదుగా?"

"ఇందులో ఇబ్బందేంటయ్యా! నా చేతిలోంచి వచ్చింది, ధీమాగా వాడుకో."

ఒకరి ముక్క ఒకరు వాడుకోవచ్చని పంతులమ్మే చెప్పింది కాబట్టి అందులో తప్పేమీ లేదు. తప్పు వేరే చోట ఉంది. పాత భాషలో క్యూ తయారుగా దొరికేది. పెట్టేవాడూ తీసేవాడూ ఒకేసారి చెయ్యి పెట్టకుండా అదే లోపల లాక్ వేసుకునేది. పంతొమ్మిదేళ్ళలో ఆ లాక్ గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. అలవాటు కొద్దీ ఇక్కడా అలాగే రాసేశాడు. లాక్ వెయ్యలేదు. ఇలాంటి తప్పు కొత్తగా నేర్చుకునే కుర్రాడు చెయ్యడు, భయపడుతూ పుస్తకంలో ఉన్నట్టు వేస్తాడు. చెయ్యి తిరిగినవాడే చేస్తాడు.

పరీక్షకి నాలుగు రోజుల ముందు పాతకాపు తన బోర్డుని పెట్టి చూసుకున్నాడు. ఐదు గంటలు వెలిగి ఆరిపోయింది. మళ్ళీ పెట్టాడు, ఆరు గంటలకి ఆరింది. ఏం జరుగుతోందో చూద్దామని మధ్యలో ఒక ప్రింటు లైను పెట్టాడు. 'ఇక్కడిదాకా వచ్చాను' అని తెర మీద అచ్చు వేయించే లైను, అంతకంటే ఏమీ లేదు. ఆ రోజంతా లైటు ఆరలేదు. మర్నాడూ ఆరలేదు. లైను తీసేశాడు. ఐదు గంటలకి ఆరింది.

ఈ వృత్తిలో నాలుగేళ్ళు ఉన్నవాడెవడికైనా దీని అర్థం తెలుసు. ఆ లైను దేన్నీ బాగుచెయ్యలేదు. రెండు పనుల్లో ఒకదాన్ని కాస్త ఆలస్యం చేసింది, అందువల్ల అవి రెండూ ఢీకొనడం లేదు. బగ్, అంటే ప్రోగ్రాంలోని తప్పు, అక్కడే ఉంది. అతనికి తెలుసు. తెలిసే ఆ లైను మళ్ళీ పెట్టాడు, "పరీక్ష అయ్యాక తీరిగ్గా చూసుకుందాంలే" అనుకున్నాడు. మనకి మనం చెప్పుకునే అబద్ధాలకి ఎప్పుడూ తీరిక దొరుకుతూనే ఉంటుంది.

సోమవారం ఉదయం పదకొండు లైట్లు వెలిగాయి. మంగళవారం సాయంత్రానికి ఐదు ఆరాయి, వాటిలో నిదానానిది కూడా ఉంది. ఆరినవాళ్ళలో ముగ్గురు అక్కడికక్కడే సంచి సర్దుకున్నారు, ఒకాయన మళ్ళీ ఎక్కించి మళ్ళీ ఆర్పుకున్నాడు. నిదానం మాత్రం తొందరపడలేదు. ఒక నోటుపుస్తకం తెరిచి, ఏ నిమిషంలో ఆరిందో రాసుకుని, తన ప్రోగ్రాంని మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు.

బుధవారం మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు రెండుసార్లూ ఆర్పుకుని వెళ్ళిపోగా, అలమరలో నాలుగు లైట్లు మిగిలాయి. అందులో పాతకాపుది ఒకటి. పాఠాల కాగితాలు ఊరికే తిరగేస్తుంటే, ఎనిమిదో వారం పేజీ చివర్లో అతని కళ్ళు ఆగిపోయాయి. 'క్యూని రెండు పనులు పంచుకుంటే లాక్ మీరే వెయ్యాలి' అని ఉంది.  తన బగ్ ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. దానితోపాటు నిదానం లైటు ఎందుకు ఆరిందో కూడా తెలిసింది. రెండు లైన్ల పని. ఒకటి లాక్ వెయ్యడం, ఇంకొకటి తియ్యడం.

లేచి నిదానం దగ్గరికి వెళ్ళాడు. ఇది అతని పక్షాన చెప్పాల్సిన మాట. చెబుదామనే వెళ్ళాడు.

"ఏమైంది బావా, దొరికిందా?"

"లేదు. సగం దాకా వచ్చాను." నిదానం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ ముక్క జోలికి మాత్రం పోలేదులే. అది నీ చేతిలోంచి వచ్చింది కదా. నా దాంట్లోనే ఎక్కడో చెడగొట్టుంటాను."

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ నోటికంటే ముందు లెక్క పరిగెత్తింది. నిదానం లైటు వెలిగి నిలబడితే ఐదు లైట్లవుతాయి. ఐదైతే కోడు తెరుస్తారు. తెరిస్తే పంతులమ్మ కళ్ళు ఆ ప్రింటు లైను దగ్గర ఆగుతాయి. ఒకప్పుడు తను పని నేర్పిన పిల్ల, అందరి ముందూ, "సార్, ఇదేంటి?" అంటుంది.

"జాగ్రత్తగా చూడు బావా. ఎక్కడో చిన్నదే ఉంటుందిలే" అన్నాడు.

గురువారం నిదానం తన భాగంలో ఏదో మార్చి మళ్ళీ ఎక్కించాడు. శుక్రవారం ఉదయం అందరూ వచ్చేసరికి ఆ లైటు ఆరి ఉంది. అతను అలమర దగ్గర నిలబడి, బోర్డు మీద తన పేరు చీటీని గోటితో మెల్లగా, చిరగకుండా, ఒలిచి జేబులో పెట్టుకున్నాడు. "బోర్డు ఉంచుకోవచ్చా అమ్మా?" అని పంతులమ్మని అడిగాడు. తీసుకెళ్ళమంది. వెళ్తూ వెళ్తూ పాతకాపు భుజం తట్టాడు. "నువ్వు నిలబడ్డావు, అదే చాలు బావా. ఇద్దరం పోతే మన బ్యాచి పరువేముంటుంది?"

అంతకంటే ఒక లెంపకాయ కొట్టి ఉంటే హాయిగా ఉండేది.

యంత్రాల విభాగంలో రెండో వారం పాతకాపు కోడు రివ్యూకి వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళందరిదీ ఎలాగూ చదువుతారట. తెరవనివ్వకూడదని అంత పాపం కట్టుకున్నాడే, ఆ తెరవడం ఒక మామూలు మంగళవారం నాడు, టీ తాగుతూ జరిగిపోయింది. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

"సార్, ఈ ప్రింటు లైను ఎందుకు?"

"అలవాటమ్మా. తియ్యడం మర్చిపోయాను."

పంతులమ్మ ఆ లైను చెరిపేసి, బోర్డులోకి ఎక్కించి, బల్ల మీద పెట్టింది. సాయంత్రం ఇళ్ళకి బయల్దేరే వేళకి లైటు ఆరింది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే ఎదురు చెప్పే వీలుండేది.

"బగ్ కనపడకపోతే పోయినట్టు కాదని నాకు చెప్పింది మీరే కదా సార్."

 అతను లాక్ రెండు లైన్లూ వెంటనే వేసి చూపించాడు. వెతకాల్సిన పనిలేకుండా నేరుగా ఆ చోటికే వెళ్ళిన వేళ్ళని ఆవిడ గమనించిందో లేదో మరి. ఆ విభాగంలో ఒక పద్ధతి ఉంది. ఏ తప్పు దొరికినా ఒక రిజిస్టరులో రాయాలి. తప్పేమిటి, ఎలా దొరికింది, ఎలా సరిచేశారు, చివరి గడిలో ఈ ముక్క ఇంకా ఎవరెవరు వాడుతున్నారు. వాళ్ళందరికీ రాసినవాడే స్వయంగా చెప్పాలి. ఒక చల్లటి గదిలో దొరికిన తప్పు ఇంకో గదిలో సరుకు కుళ్ళబెట్టకుండా ఉండటానికి పెట్టుకున్న కట్టుబాటు అది. పాతకాపు మొదటి మూడు గడులూ వివరంగా నింపాడు. చివరి గడిలో 'ఎవరూ లేరు' అని రాశాడు.

పంతులమ్మ సంతకం పెడుతూ అంది. "మీ ఫ్రెండు గారు ఏం చేస్తున్నారు సార్? వచ్చే నెల ఇంకో రెండు సీట్లు వస్తున్నాయి. ఆయన ఓపిక నాకు నచ్చింది. ఆ బోర్డు ఎందుకు ఆరుతోందో కనుక్కుని, వారం రోజులు వెలిగించి చూపిస్తే చాలు, మళ్ళీ తీసుకుందాం. నేనూ ఫోన్ చేసి చెప్తాను."

ఇప్పుడిక సీటు భయం కూడా లేదు. అతని కుర్చీ అతనికి ఖాయమైంది, లైను సంగతి పంతులమ్మకి తెలిసిపోయింది. నిదానానికి ఆ రెండు లైన్లు చెబితే పోయేదల్లా ఒకటే. 'అది నీ చేతిలోంచి వచ్చింది కదా' అన్న మాట మళ్ళీ వినపడదు. పద్నాలుగేళ్ళ స్నేహితుడి అన్నానికీ తనకీ మధ్య అడ్డంగా ఉన్నది అంతే, ఉత్త సిగ్గు. ఇంత చిన్న దానికి అంత పెద్ద తలుపు మూయగల బలం ఉంటుందని అతనికీ తెలీదు.

"ఆ అన్నయ్య రెండు వారాల నుంచి పిలుస్తున్నాడుగా, ఒకసారి వెళ్ళి రారేం?" అని ఆ రాత్రి ఇంట్లో భార్య అడిగింది. బట్టలు మడతపెడుతోంది.

"వెళ్తాలే. పని ఉంది."

"ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పంచాల్సిన మనిషి మొహం ఇలా ఉందేంటండీ? ఏమైనా జరిగిందా?"

"ఏం జరుగుతుంది? ప్రతిదానికీ ఆరా ఎందుకు నీకు!"

ఆవిడ ఆ చొక్కాని మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. 

ఆదివారం ఉదయం వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఫ్రిజ్ మీద, పాత తువాలు పరిచి, దాని మీద బోర్డు పెట్టి ఉంది. పక్కనే నోటుపుస్తకం. నిదానం భార్య తలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

"మీరైనా చెప్పండి అన్నయ్యా! పసిపిల్ల పక్కన కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చుంటున్నారు. ఆరిందంటే ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యరు."

నిదానం నవ్వి పుస్తకం అందించాడు. ఆరిన ప్రతిసారీ తేదీ, గంట, నిమిషం, అంతకుముందు ఏం మార్చాడు, అన్నీ గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి. నలభై ఏడు సార్లు. చివరి పేజీలో పంతులమ్మ ఫోన్లో చెప్పిన తేదీ, దాని కింద రెండు గీతలు. ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"నేను చూడగలిగిందంతా చూశాను బావా. నీ కన్ను పాతది, ఒక్కసారి చూసిపెట్టు" అని కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు.

పాతకాపు బల్ల మీది కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాం తెరిచాడు. చక్కగా, శుభ్రంగా ఉంది. తన దానికంటే బాగుంది, ఒప్పుకోక తప్పదు. కిందికి జరుపుతూ వెళ్తే, తను రాసిచ్చిన క్యూ ముక్క వచ్చింది. దాని పైన నిదానం తన గుర్తుకోసం ఒక మాట రాసుకున్నాడు. 'బావ రాసింది. ముట్టుకోవద్దు.'

వేళ్ళు అక్కడ ఆగాయి. రెండు లైన్లు. కొట్టడానికి నిమిషం పట్టదు. కొట్టి, "నాదే బావా తప్పు, మొదటి నుంచీ నాదే" అంటే అయిపోతుంది. వెనకాల నిదానం ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు. వంటగదిలో టీ మరుగుతోంది.

పాతకాపు ఆ ముక్కని దాటి కిందికి వెళ్ళాడు. నిదానం రాసిన భాగంలో, మధ్యలో, ఒక ప్రింటు లైను పెట్టాడు.

"ఇలా పెట్టి చూడు బావా. ఆగొచ్చు."

నిదానం కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఈ లైనా? ఇది పరీక్షప్పుడే, మంగళవారం సాయంత్రమే, అలమరలో కాకుండా విడిగా నా బల్ల మీద పెట్టి చూశాను బావా. ఆరలేదు. తెల్లారేదాకా వెలుగుతూనే ఉంది." ఏదో తప్పు చేసినవాడిలా నవ్వాడు. "తీసేశాను. బగ్ లోపలే పెట్టుకుని లైటు చూపిస్తే ఎలా? రేపు ఎవరో సరుకు పెట్టుకుంటారు ఆ గదిలో."

పాతకాపు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. నిదానం భార్య టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

"నీ దాంట్లో ఉందా ఇలాంటి లైను?" అని అడిగాడు నిదానం. ఆ గొంతులో అనుమానం లేదు. అది ఉన్నా బాగుండేది. ఊరికే, నేర్చుకుందామని అడిగాడు.

"లేదు" అన్నాడు పాతకాపు.

అబద్ధం కాదు. పంతులమ్మ తీసేసింది కదా.

"అనుకున్నాను. నీదీ నాదీ ఒకటే క్యూ కదా బావా, మరి నీది ఆగకుండా నడుస్తోందంటే, తప్పు నా దాంట్లోనే ఉంది." నిదానం ఆ మాట తేలిగ్గా అనేశాడు, ఒక చిక్కు విడిపోయినట్టు. ముందుకు వంగి ప్రింటు లైను చెరిపేశాడు. "నువ్వు టీ తాగు. నేను మళ్ళీ మొదటి నుంచి చూస్తాను."

కుర్చీ మార్చుకున్నారు. నిదానం పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో లైను మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, మెల్లగా. 'బావ రాసింది. ముట్టుకోవద్దు' అన్న చోటికి వచ్చేసరికి, ఎప్పట్లాగే, దాన్ని దాటేసి కిందికి వెళ్ళాడు.